టీవీలో వెతకడానికి రిమోట్‌తో కుస్తీ పట్టక్కర్లేదు

కొత్త స్మార్ట్ టీవీ కొన్నా, పాత టీవీకి ఫైర్ టీవీ స్టిక్కో గూగుల్ టీవీ బాక్సో తగిలించినా, బొమ్మ బాగుంటుంది, సౌండ్ బాగుంటుంది, చిరాకు పుట్టేది మాత్రం ఏదైనా వెతకాల్సి వచ్చినప్పుడే. రిమోట్ మీద బాణం బటన్లు నొక్కుకుంటూ ఒక్కో అక్షరం దగ్గరికీ నడుచుకుంటూ వెళ్లాలి. నెట్‌ఫ్లిక్స్‌లో చూడండి, అక్షరాలు ఏబీసీడీల వరసలో, వరసకి ఆరు చొప్పున ఉంటాయి. అందులో నాని అని కొట్టాలంటే, కర్సర్ ఏ మీద ఉందనుకుందాం, కిందికి రెండు, పక్కకి ఒకటి, ఓకే. అది ఎన్. మళ్లీ ఏ కోసం పైకి రెండు, వెనక్కి ఒకటి, ఓకే. మళ్లీ ఎన్ కోసం వచ్చిన దారినే కిందికి. అక్కడి నుంచి ఐ కోసం పైకి ఒకటి, పక్కకి ఒకటి, ఓకే. నాలుగు అక్షరాల పేరుకి 15 సార్లు నొక్కాలి. ఇక మన పొడుగాటి సినిమా పేర్ల సంగతి చెప్పేదేముంది, మధ్యలో ఒక అక్షరం తప్పు పడితే మొదటికొస్తుంది.

నేనైతే చెప్పేది ఒకటే, టీవీ తెర మీద టైప్ చేయడాన్ని ఆఖరి దారిగా పెట్టుకోండి. అంతకన్నా సులువైన దారులు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

అయితే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి, ఇది తెలియకే చాలామంది "యాప్ వేసుకున్నాను, పనిచేయట్లేదు" అని వదిలేస్తారు. టీవీ మీద కనిపించే కీబోర్డులు రెండు రకాలు. ఒకటి టీవీదే, అంటే ఫైర్ టీవీ, గూగుల్ టీవీ లాంటి సిస్టమ్ ఇచ్చేది. వైఫై పాస్‌వర్డ్ అడిగినప్పుడు, టీవీ సొంత సెర్చ్‌లో, చాలా యాప్‌ల లాగిన్ పేజీల్లో అదే వస్తుంది. రెండోది ఆ యాప్ తన కోసం తాను తయారు చేసుకున్నది. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ లాంటి వాటిలో సెర్చ్‌లోకి వెళ్తే ఎడమ వైపో పైనో అక్షరాల గడులు కనిపిస్తాయే, అది టీవీ కీబోర్డు కాదు. ఫోన్ నుంచి కొట్టిన అక్షరాలు మొదటి రకంలోకి హాయిగా వెళ్తాయి, రెండో రకంలోకి ఒక్కోసారి వెళ్తాయి, ఒక్కోసారి వెళ్లవు. అక్కడ వెళ్లకపోతే మీ ఫోన్‌లో తప్పేమీ లేదు, దారి మార్చాలంతే. ఆ దారులూ కింద చెప్తాను.

ఫోన్‌నే కీబోర్డు చేసుకోవడం

ఫైర్ టీవీ వాడేవాళ్లు ఫోన్‌లో అమెజాన్ ఫైర్ టీవీ యాప్ వేసుకోండి, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ రెండింటికీ ఉంది. టీవీలో ఉన్న అమెజాన్ అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. యాప్ తెరిస్తే మీ స్టిక్ పేరు కనిపిస్తుంది, దాని మీద నొక్కితే టీవీ తెర మీద నాలుగంకెల కోడ్ వస్తుంది, అది ఫోన్‌లో కొడితే సరి. ఇక ఫోన్ తెరే రిమోట్. అందులో కీబోర్డు గుర్తు ఒకటి ఉంటుంది, టీవీలో టైప్ చేయాల్సిన చోటికి వెళ్లి ఆ గుర్తు నొక్కితే రోజూ వాట్సాప్‌లో కొట్టినట్టే కొట్టేయొచ్చు, అక్షరాలు టీవీ మీద పడుతుంటాయి.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ వాళ్లకి విడిగా యాప్ వెతుక్కోవాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. సోనీ, టీసీఎల్, షావోమీ లాంటి కంపెనీల టీవీలు చాలా వరకు ఈ కోవలోవే, ఎయిర్‌టెల్ ఎక్స్‌ట్రీమ్ బాక్స్ కూడా ఆండ్రాయిడ్ టీవీయే. గూగుల్ హోమ్ యాప్‌లో గానీ గూగుల్ టీవీ యాప్‌లో గానీ రిమోట్ ఉంటుంది. మొదటిసారి కలిపేటప్పుడు టీవీ మీద ఆరు అక్షరాల కోడ్ వస్తుంది, అందులో అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసి ఉంటాయి, చూసి కొట్టండి. ఆ తర్వాత టీవీలో టైప్ చేసే గడి మీదికి వెళ్తే ఫోన్‌లో కీబోర్డు తెరుచుకుంటుంది. పాత ఆండ్రాయిడ్ టీవీ రిమోట్ కంట్రోల్ అనే యాప్ కోసం ఇంకా వెతుకుతుంటే మానేయండి, దాన్ని గూగుల్ ఎప్పుడో తీసేసింది. ప్లే స్టోర్‌లో అదే పేరుతో ఎవరెవరో పెట్టిన యాప్‌లు బోలెడు కనిపిస్తాయి, నిమిషానికో యాడ్ వేస్తాయి, అక్కర్లేని పర్మిషన్లు అడుగుతాయి. వాటి జోలికి వెళ్లకండి.

యాపిల్ టీవీ ఉన్నవాళ్లకి ఈ బాధ దాదాపు లేదు. టీవీలో టైప్ చేసే చోటికి వెళ్లగానే ఐఫోన్‌లో నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద నొక్కి కొట్టడమే. శాంసంగ్ టీవీకి స్మార్ట్‌థింగ్స్, ఎల్జీకి థింక్యూ యాప్ ఉంటాయి, ఎల్జీ మ్యాజిక్ రిమోట్ అయితే దాన్నే గాల్లో ఊపి అక్షరాల మీదికి బాణం గుర్తు తీసుకెళ్లొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో రోకు అనే ఇలాంటి స్టిక్కో టీవీయో ఎక్కువ కనిపిస్తుంది, దానికీ సొంత యాప్ ఉంది, అందులో కీబోర్డు, మైక్ రెండూ ఉన్నాయి.

యాప్‌లో టీవీ కనిపించట్లేదంటే నూటికి తొంభై సార్లు కారణం వైఫై. ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. ఫోన్ మొబైల్ డేటాకి మారిపోయిందేమో చూడండి. ఇంట్లో గెస్ట్ వైఫై అని విడిగా పెట్టుకుంటే, ఫోన్ దాని మీద ఉంటే టీవీ కనిపించదు, ఎందుకంటే గెస్ట్ వైఫై పనే మిగతా వాటిని కనపడకుండా దాచడం. ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్) ఆన్‌లో ఉన్నా ఇదే తంతు. హాస్టళ్లు, పీజీలు, హోటళ్లలో అందరికీ కలిపి ఇచ్చే వైఫైలో కూడా ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించకుండా కట్టేస్తారు, అక్కడ మీ స్టిక్ తీసుకెళ్లి పెట్టుకున్నా ఫోన్‌తో కలవకపోతే చేసేదేమీ లేదు, మీ ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవడమే మేలు.

ఇలా ఫోన్ కీబోర్డు కుదిరితే అసలు లాభం సినిమా పేర్ల దగ్గర కాదు, పాస్‌వర్డ్‌ల దగ్గర. పెద్దక్షరం, చిన్నక్షరం, ఒక అంకె, ఒక ఎట్ గుర్తు, అన్నీ ఉన్న పాస్‌వర్డ్‌ని రిమోట్‌తో కొట్టడమంత నరకం ఇంకోటి లేదు, పైగా కొట్టింది చుక్కల్లా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ తప్పు పడిందో తెలియదు. ఫోన్‌లో సేవ్ చేసుకున్న చోట కాపీ చేసి, రిమోట్ యాప్ కీబోర్డులో పేస్ట్ చేసేయండి.

మాట్లాడితే సరిపోయేదానికి టైపింగ్ ఎందుకు

మైక్ బటన్ ఉన్న రిమోట్ ఇంట్లో పెట్టుకుని దాన్ని ఒక్కసారి కూడా నొక్కని ఇళ్లు నేను చాలా చూశాను. ఫైర్ టీవీతో వచ్చే అలెక్సా రిమోట్‌లో (అలెక్సా అంటే మన మాట విని పని చేసే అమెజాన్ సహాయకురాలు) ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి, మాట్లాడటం అయ్యేదాకా వేలు తీయకూడదు. నొక్కి వదిలేసి మాట్లాడితే సగమే వింటుంది. మైక్ రిమోట్ పై భాగంలో ఉండే చిన్న రంధ్రం, కాబట్టి టీవీ వైపు చాచి అరవక్కర్లేదు, రిమోట్‌ని మీ వైపు తెచ్చుకుని మామూలుగా మాట్లాడండి.

చిక్కంతా మన సినిమా పేర్ల దగ్గరే. అలెక్సాకి ఇంగ్లిష్, హిందీ వచ్చు, తెలుగు పేరుని అది ఆ రెండు భాషల చెవితోనే వింటుంది. అందుకని పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఏదో ఒక హాలీవుడ్ సినిమా తెచ్చి ముందు పెడుతుంది. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, పేరుతో పాటు తెలుగు మూవీ అని కలపడం, హీరో పేరు కూడా చేర్చడం. అసలు పేరు పక్కన పెట్టి "నాని తెలుగు మూవీస్" అంటే వచ్చిన వరసలోంచి మనకి కావాల్సింది ఏరుకోవడం ఇంకా తేలిక. ఏ యాప్‌లో కావాలో కూడా చెప్పేయండి, "ఆన్ యూట్యూబ్" అని చివర అంటే దారి తప్పదు.

వెతకడానికే కాదు, యాప్ తెరవడానికీ ఇదే బటన్. "ఓపెన్ యూట్యూబ్" అంటే తెరుచుకుంటుంది. సినిమా నడుస్తుంటే "రివైండ్ 30 సెకండ్స్" అంటే వెనక్కి వెళ్తుంది, బాణం బటన్ నొక్కి నొక్కి మళ్లీ దాటిపోయి మళ్లీ వెనక్కి రావడం అనే గోల ఉండదు.

ఒక జాగ్రత్త. రిమోట్ మైక్‌తో వెతికితే టీవీ మొత్తం మీద వెతుకుతుంది, అందులో మీరు డబ్బు కట్టని ఓటీటీల సినిమాలూ వస్తాయి, అద్దెకి ఇచ్చేవీ వస్తాయి. రెంట్ అని రాసి ఉన్న బటన్ పిల్లలు నొక్కేయకుండా ఫైర్ టీవీ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కి వెళ్లి కొనుగోళ్లకి పిన్ పెట్టుకోండి. యూట్యూబ్ లోపల కనిపించే మైక్ గుర్తు వేరు, అది యూట్యూబ్‌లోనే వెతుకుతుంది, కాబట్టి పాటలూ వంటలూ కావాలంటే అక్కడికి వెళ్లి అడగడమే మంచిది.

అచ్చంగా తెలుగులో మాట్లాడి వెతకాలంటే ఫోన్‌కి రండి. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు వాయిస్ సెర్చ్ తెచ్చింది, గూగుల్ వాళ్ల జీబోర్డు కీబోర్డులో తెలుగు చేర్చుకుంటే మైక్ నొక్కి తెలుగులో చెప్పింది తెలుగు లిపిలోనే పడుతుంది. ఫోన్ యూట్యూబ్‌లో "గోంగూర పచ్చడి" అని నోటితో చెప్పి, వచ్చిన వీడియోని టీవీకి పంపడం చాలా ఇళ్లలో అమ్మలకీ అత్తలకీ అన్నిటికన్నా తేలిగ్గా పట్టుబడే పద్ధతి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మాటే రాదు.

ఆ స్పెల్లింగ్ గోల

మన సినిమా పేర్లు ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఒక పద్ధతంటూ లేదు. నిర్మాత ఎలా రాస్తే అదే, అందులో సంఖ్యాశాస్త్రం కలిస్తే ఇంక అంతే. బాహుబలికి బీ తర్వాత రెండు ఏలు ఉంటాయి. అల వైకుంఠపురములో పోస్టర్ మీద చూస్తే మధ్యలో ఆర్ రెండు, చివర ఓ రెండు. మనం ఎలా పలుకుతామో అలా కొడితే యూట్యూబ్ సర్దుకుంటుంది, అది తప్పు స్పెల్లింగ్‌ని బాగానే పసిగడుతుంది, పైగా అప్‌లోడ్ చేసేవాళ్లు నానా రకాల స్పెల్లింగులూ టైటిల్‌లోనే రాసి పెడతారు. ఓటీటీ యాప్‌లు అంత ఉదారంగా ఉండవు, ఒక అక్షరం తేడా వస్తే ఆ సినిమా లేనే లేదన్నట్టు ఇంకేవో చూపిస్తాయి.

అందుకని పేరు మొత్తం కొట్టకండి. గొడవ లేని అక్షరాల వరకు కొట్టి ఆగండి. గొడవ ఎక్కడ వస్తుందంటే, దీర్ఘం దగ్గర ఏ ఒకటా రెండా, ఈకారానికి ఐయా రెండు ఈలా, ఊకారానికి యూయా రెండు ఓలా, త దగ్గర హెచ్ ఉందా లేదా, ద దగ్గర హెచ్ ఉందా లేదా. వీటికి ముందే ఆగిపోతే, కింద వచ్చే పేర్లలోంచి ఎంచుకోవచ్చు. మూడు నాలుగు అక్షరాలకే చాలాసార్లు కావాల్సింది వచ్చేస్తుంది, ప్రతి అక్షరం కొట్టగానే ఒకసారి పక్కకి చూసుకోవడం అలవాటు చేసుకోండి, పేరు వచ్చేసినా చూడకుండా కొట్టుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

పేరులో మొదటి మాట నుంచే మొదలుపెట్టాలనీ లేదు. అల అని మూడు అక్షరాలు కొడితే ప్రపంచంలోని సినిమాలన్నీ వస్తాయి, అదే వైకుం అని వచ్చేలా వీ, ఏ, ఐ, కే, యూ, ఎన్ కొడితే అలాంటి పేరు ఇంకెన్ని ఉంటాయి చెప్పండి. పేరులో ఏ మాట అరుదుగా వినిపిస్తుందో ఆ మాట పట్టుకోవాలి. కేరాఫ్ కంచరపాలెం కోసం వెతికేటప్పుడు ఇది ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే ఆ పేరు ఇంగ్లిష్‌లో సీ, గీత, ఓ అని మొదలవుతుంది, ఆ అడ్డగీత కోసం టీవీ కీబోర్డులో గుర్తుల పేజీకి వెళ్లడం కన్నా కంచ అని వచ్చేలా ఆరు అక్షరాలు కొట్టుకోవడం నయం.

హీరో పేరుతో వెతకడం ఇంకో దారి. అందులో కూడా పొట్టి పేరు, స్పెల్లింగ్ తేడా రాని పేరు చూసుకోండి. ఎన్టీఆర్ అంటే మూడే అక్షరాలు, ఎవరు కొట్టినా ఒకటే, కాకపోతే తాత సినిమాలూ మనవడి సినిమాలూ కలిసి వస్తాయి, అదీ ఒక సరదాయే. హీరో పేరు పొడుగైతే హీరోయిన్ పేరు, అదీ కాకపోతే దర్శకుడి పేరు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. ఆ సినిమా అసలు ఏ ఓటీటీలో ఉందో ఫోన్‌లో గూగుల్ చేసి చూసుకోండి. తెలుగులోనే కొట్టొచ్చు. ఎక్కడ ఉందో తెలుస్తుంది, అసలు స్పెల్లింగ్ ఏంటో కూడా తెలుస్తుంది. ఇది చేయకుండా ఆహాలో ఒకసారి, ప్రైమ్‌లో ఒకసారి, జియోహాట్‌స్టార్‌లో ఒకసారి అదే పేరు అక్షరం అక్షరం కొట్టుకుంటూ కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి పోయిన ఏడాది చూసిన చోటే ఇప్పుడూ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

అసలు టీవీలో వెతకకుండానే

ప్రైమ్ వీడియోలో వాచ్‌లిస్ట్, నెట్‌ఫ్లిక్స్‌లో మై లిస్ట్, యూట్యూబ్‌లో వాచ్ లేటర్, ఇవన్నీ ఫోన్‌లో చేర్చినా టీవీలో కనిపిస్తాయి, అకౌంటూ ప్రొఫైలూ ఒకటే అయితే చాలు. బస్సులోనో ఆఫీసులో టీ తాగేటప్పుడో ఎవరైనా "ఆ సినిమా బాగుంది" అంటే అక్కడికక్కడే ఫోన్‌లో లిస్టులో పడేయండి. రాత్రి టీవీ ముందు కూర్చున్నాక లిస్టు తెరవడమే, టైపింగ్ ప్రసక్తే లేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బద్ధకస్తులకి పనికొచ్చే పద్ధతి ఇదే.

క్యాస్ట్ చేయడం గురించి చాలామందికి తెలుసు, ఫోన్ యూట్యూబ్‌లో పైన ఉండే క్యాస్ట్ గుర్తు నొక్కి టీవీని ఎంచుకుంటే ఫోన్‌లో వెతికిన వీడియో టీవీలో వస్తుంది, ఒకటి నడుస్తుండగానే తర్వాతివి వరసలో పెట్టుకోవచ్చు, పెళ్లిళ్లకీ పండగలకీ చుట్టాలు వచ్చినప్పుడు పాటలు వేయడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అన్ని యాప్‌లూ ఇలా ఒప్పుకోవు. నెట్‌ఫ్లిక్స్ విషయంలో, సొంత రిమోట్ ఉన్న చాలా పరికరాలకి ఫోన్ నుంచి క్యాస్ట్ చేయడం ఆపేశారు, కాబట్టి అక్కడ గుర్తు కనిపించకపోతే కంగారు పడకండి, మై లిస్ట్ దారి పట్టండి.

తక్కువ మందికి తెలిసింది, యూట్యూబ్ టీవీ కోడ్. టీవీలో యూట్యూబ్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే లింక్ విత్ టీవీ కోడ్ అని ఉంటుంది, అందులో ఒక అంకెల కోడ్ కనిపిస్తుంది. ఫోన్ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వాచ్ ఆన్ టీవీ అనే చోట ఆ కోడ్ కొడితే రెండూ కలుస్తాయి. దీనికి రెండూ ఒకే వైఫై మీద ఉండాల్సిన పని లేదు. అర్థమైందా? డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో అమ్మ టీవీ మీద పాట పెట్టొచ్చు. అమ్మ ఫోన్‌లో ఆ అంకెలు చదివి చెప్తే చాలు, లేదా తెర ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు. టీవీ ఆన్ చేసి యూట్యూబ్ తెరిచి ఉంచడం వరకు ఆవిడ పని, "ఏది కావాలమ్మా, అన్నమయ్య కీర్తనలా, సీరియలా" అని అడిగి వెతికే పని వీడిది. ముందు చెప్పకుండా, వాళ్లకి అర్ధరాత్రి వేళ మీ మీటింగ్ మధ్యలోంచి ఏదో పెట్టి పెద్దవాళ్లని బెదరగొట్టకండి.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. వాళ్లకి టైపింగ్ నేర్పించే బదులు టైప్ చేయాల్సిన అవసరం రాకుండా టీవీని సర్దిపెట్టండి. వాళ్లు చూసే భక్తి చానెళ్లు, న్యూస్ చానెళ్లు, వంటల చానెళ్లు యూట్యూబ్‌లో సబ్‌స్క్రైబ్ చేసిపెడితే ఎడమ వైపు సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే అన్నీ ఒకచోట ఉంటాయి. వాళ్లకి నచ్చినవి ఒక ప్లేలిస్ట్ చేసి దానికి తెలుగులోనే "అమ్మ పాటలు" అని పేరు పెట్టండి, ఆ అకౌంట్ మీ ఫోన్‌లో కూడా ఉంటే ఎక్కడి నుంచైనా కొత్తవి చేరుస్తుండొచ్చు. ఫైర్ టీవీలో యాప్ గుర్తు మీద ఉండి మూడు గీతల బటన్ నొక్కితే దాన్ని ముందు వరసకి జరిపే వీలు కనిపిస్తుంది, గూగుల్ టీవీలో యాప్ మీద ఓకే బటన్ నొక్కి పట్టుకోవాలి. వాడే రెండు మూడు యాప్‌లూ ముందుంటే చాలు.

ఇక చుట్టాల పిల్లలు వచ్చి మీ యూట్యూబ్‌లో గంటల తరబడి కార్టూన్లు వెతికితే ఆ తర్వాత నెల్లాళ్లు మీకు అవే వస్తుంటాయి. వాళ్లు రాగానే అకౌంట్ మార్చే చోట గెస్ట్ అని ఉంటుంది, అందులోకి మారిపోండి.

లాగిన్ అయ్యేటప్పుడు

కొత్త టీవీలో ఏ యాప్ తెరిచినా ముందు ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ తొందరపడి రిమోట్‌తో కొట్టడం మొదలుపెట్టకండి, ఆ తెర మీద క్యూఆర్ కోడ్ గానీ, ఒక చిన్న కోడ్‌తో పాటు వెబ్ అడ్రస్ గానీ ఉందేమో చూడండి. పెద్ద యాప్‌లన్నిటిలో దాదాపు ఉంటుంది. ఫోన్ కెమెరాతో క్యూఆర్ స్కాన్ చేస్తే ఫోన్‌లో ఆల్రెడీ లాగిన్ అయి ఉన్న అకౌంట్‌తోనే టీవీలో కూడా తెరుచుకుంటుంది. గూగుల్ టీవీ అయితే మొదటిసారి పెట్టుకునేటప్పుడే గూగుల్ హోమ్ యాప్‌తో స్కాన్ చేస్తే వైఫై పాస్‌వర్డ్, గూగుల్ అకౌంట్ రెండూ ఫోన్ నుంచే వెళ్లిపోతాయి.

ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. తెర మీద ఉన్న అడ్రస్‌ని బ్రౌజర్ పైన ఉండే అడ్రస్ గడిలో ఉన్నది ఉన్నట్టు కొట్టండి. దాన్ని గూగుల్‌లో వెతకొద్దు. అలా వెతికితే వచ్చే వాటిలో అచ్చం అసలు సైట్ లాగే ఉండే దొంగ సైట్లు ఉంటాయి, అక్కడ కోడ్ కొట్టగానే ఎర్రర్ అని చూపించి, ఒక ఫోన్ నంబర్ ఇచ్చి, యాక్టివేషన్ ఫీజు కట్టమంటారు. టీవీలో యాప్ యాక్టివేట్ చేసుకోవడానికి ఫీజు అనేదే లేదు. ఎవరైనా ఫోన్‌లో స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా, కార్డు నంబర్ అడిగినా ఫోన్ పెట్టేయండి.

నిజమైన కీబోర్డు కావాలనుకుంటే

ఫోన్‌తో కుదరనివాళ్లు, లేదా రోజూ బాగా టైప్ చేసేవాళ్లు బ్లూటూత్ కీబోర్డు కలుపుకోవచ్చు. ఫైర్ టీవీలో సెట్టింగ్స్‌లో రిమోట్లు, బ్లూటూత్ పరికరాల దగ్గరికి వెళ్లి అదర్ బ్లూటూత్ డివైజెస్‌లో చేర్చుకోవాలి. బాణం కీలు అటూ ఇటూ తిప్పుతాయి, ఎంటర్ అంటే ఓకే, ఎస్కేప్ అంటే బ్యాక్. అరచేయంత ఉండి టచ్‌ప్యాడ్ కూడా ఉండే మినీ కీబోర్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటికి చిన్న యూఎస్‌బీ ముక్క వస్తుంది, అది ఆండ్రాయిడ్ టీవీ వెనకున్న యూఎస్‌బీలో పెడితే చాలు. స్టిక్‌కి మాత్రం అలాంటి యూఎస్‌బీ ఉండదు, ఓటీజీ కేబుల్ (యూఎస్‌బీ తగిలించుకునే వీలిచ్చే చిన్న వైరు) వేసి తంటాలు పడాలి, దాని బదులు బ్లూటూత్‌దే కొనుక్కోండి. కొనేముందు మొదట్లో చెప్పిన సంగతి గుర్తుంచుకోండి, సొంత కీబోర్డు గీసుకున్న యాప్‌లు కొన్ని బయటి కీబోర్డునీ పట్టించుకోవు. సెర్చ్ కోసం ఒక్కదానికే అయితే నేను డబ్బు పెట్టను.

ఏదీ లేక ఉత్త రిమోటే దిక్కైతే, ఫైర్ టీవీ కీబోర్డు తెర మీద కీల పక్కన చిన్న చిన్న గుర్తులు ఉంటాయి, గమనించండి. రిమోట్ మీద వెనక్కి తిప్పే బటన్ నొక్కితే అక్షరం చెరిగిపోతుంది, ముందుకి తిప్పే బటన్ ఖాళీ ఇస్తుంది, ప్లే బటన్ నొక్కితే తర్వాతి గడికి వెళ్తుంది. డిలీట్ కోసం తెర చివరిదాకా నడిచి వెళ్లి మళ్లీ రావడం తప్పుతుంది. యాపిల్ టీవీలో ప్లే బటన్ నొక్కితే కీబోర్డు పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకీ, చిన్నక్షరాల నుంచి పెద్దక్షరాలకీ మారుతుంది.

రిమోట్ పోతే

టీవీ రిమోట్ ఉండి స్టిక్ రిమోట్ పోయిందనుకోండి, టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్ బాణాలతోనే స్టిక్ నడుస్తుంది. శాంసంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, పని ఒకటే.

ఇల్లు మారేటప్పుడు రిమోట్ పోతే కథ వేరు. కొత్త ఇంట్లో వైఫై వేరు, స్టిక్‌కి పాత వైఫై మాత్రమే తెలుసు, దాన్ని మార్చడానికి రిమోట్ లేదు, ఫోన్ యాప్ వాడదామంటే స్టిక్ వైఫై మీద లేదు. అప్పుడు ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టండి, దాని పేరూ పాస్‌వర్డూ మీ పాత ఇంటి వైఫైవే పెట్టండి, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా, పెద్దక్షరాలు చిన్నక్షరాలతో సహా. బ్యాండ్ అడిగితే 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. స్టిక్ అది పాత వైఫైయే అనుకుని దానికదే కలుస్తుంది. ఇంట్లో ఉన్న రెండో ఫోన్‌ని కూడా అదే హాట్‌స్పాట్‌కి కలిపి, అందులో ఫైర్ టీవీ యాప్ తెరిస్తే స్టిక్ కనిపిస్తుంది. అక్కడి నుంచి సెట్టింగ్స్‌కి వెళ్లి కొత్త వైఫై ఎంచుకుని, పాస్‌వర్డ్ ఫోన్ కీబోర్డుతోనే కొట్టి, వెంటనే హాట్‌స్పాట్ ఆపేయండి, లేకపోతే స్టిక్ మళ్లీ దానికే అతుక్కుని రాత్రి చూసే సినిమా అంతా మీ మొబైల్ డేటా మీదే నడుస్తుంది.